చదివి వినిపించిన రూలు

సోమవారం, జూన్ 9

చిరంజీవి పాపాయికి,

మీ వదిన మనసారా దీవించి రాస్తున్నది. మేమిద్దరం ఇక్కడ బాగున్నాం. నువ్వూ, మీవారూ, లాయరుగారైన మీ అబ్బాయీ అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. యాభై దాటిన మనిషిని ఇంకా పాపాయి అంటారేమిటని నువ్వు మూతి ముడుస్తావని తెలుసు. నేను పెట్టిన పేరు కాదు కదా అది. మీ అన్నయ్య నా పక్కనే స్టూలు మీద కూర్చుని, పాపాయికి అనే రాయి, అసలు పేరు రాస్తే ఎవరికో అనుకుంటుంది అంటున్నారు.

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరం ఏమిటని కూడా అడుగుతావు. ఆయన సంగతి నీకు తెలియనిదా? కాగితం మీద లేనిది ఆయన దృష్టిలో జరగనట్టే. మొన్న నువ్వు ఫోన్లో నిలదీసినవాటికి నోటితో జవాబు చెబుతానంటే ఒప్పుకోలేదు. రాసి పంపమన్నారు. రాసింది రాసినట్టు తనకి చదివి వినిపించాకే కవరు అంటించాలట. ఇందులో ప్రతి ముక్కా ఆయన చెవిన పడ్డదే అనుకుని చదువుకో.

నువ్వు విన్నది నిజమే. షాపు మూసేశాం.

కారణం కూడా విన్నావు కానీ సరిగ్గా వినలేదు, అందుకే మళ్ళీ రాస్తున్నాను. బాయిలర్ ఉన్న చోట అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళు దాన్ని నడపకూడదు. నడపడమే కాదు, అసలు ఆ గదిలో నిలబడకూడదు. యజమాని అయినా సరే, పక్కన పనివాడు ఉన్నా సరే. ఇదీ కొత్త రూలు. మీ అన్నయ్యకి అరవై ఎనిమిది. మన డ్రైక్లీనింగ్ షాపు అంతా కలిపి ఒకటే గది, బాయిలర్ అందులోనే ఒక మూల. అంటే ఆయన తన షాపులోకి తనే అడుగు పెట్టకూడదు. ఎవరినైనా జీతానికి పెట్టుకుని నడపొచ్చు కదా వదినా అన్నావే, దానికి ఇదే జవాబు. ఆయన లేని షాపు నేనొక్కదాన్నీ నడపలేను. నడపాలని కూడా లేదు.

ఎగ్జాస్ట్ ఫ్యానుకి కొత్త బెల్టు వేశామని రాయమంటున్నారు. రాశాను.

నువ్వు పెళ్ళయి వెళ్ళిపోయాక పెట్టిన షాపు కాబట్టి మా పని తీరు నువ్వు దగ్గరుండి చూడలేదు. మొదటి రోజు నుంచీ మా ఇద్దరి పంపకం ఒకటే. బట్టలు ఆయనవి, రూళ్ళు నావి. ఆయనకి చదువు రాక కాదు, న్యూస్‌పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నమిలేస్తారు. లైసెన్సు ఇచ్చే ఆఫీసు నుంచి వచ్చిన కాగితం మాత్రం ముట్టుకోరు. అది నేను చదవాలి, ఆయన వినాలి. ఇస్త్రీ ఆపేసి, చేతులు తుడుచుకుని, నిలబడి వింటారు. కూర్చుంటే ఏం పోయిందండీ అంటే, నువ్వు చదువు ముందు అంటారు. ఒకసారి విని రెండోసారి చదవమంటారు. ఆ తర్వాత తిట్టుకుంటారు. తిట్టుకోవడం అయ్యాక చేస్తారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు గానీ, నా నోటి నుంచి వచ్చిన రూలు ఒక్కటీ కాదనలేదు. (ఈ వాక్యం చదివితే నవ్వుతున్నారు. నిజమే రాయి, నాకేం అంటున్నారు.)

ఆ రూళ్ళు మమ్మల్ని మూడు చెరువుల నీళ్ళు తాగించాయి పాపాయ్. తలుపు బయటికి తెరుచుకోవాలి అన్నారు ఒక ఏడాది. తలుపు ఊడబీకి తిప్పి పెట్టించాం. తెరిచినప్పుడల్లా అది పక్కన తాళంచెవులు చేసేవాడి మోకాలికి తగిలేది. అతను ముందు తిట్టాడు, తర్వాత స్టూలు అవతలికి జరుపుకున్నాడు, ఆ తర్వాత తలుపు చప్పుడు వినగానే కాళ్ళు మడుచుకోవడం నేర్చుకున్నాడు. అతనికి అది పూర్తిగా అలవాటయ్యేసరికి, తలుపులు కాదు, షట్టర్లు ఉండాలి అని ఇంకో కాగితం వచ్చింది. హెచ్చరిక బోర్డు తెలుపు మీద ఎరుపులో రాయించాం. ఆకుపచ్చ మీద తెలుపు ఉండాలన్నారు. ఉతికిన బట్టలకి ప్లాస్టిక్ కవరు తప్పనిసరి అన్నవాళ్ళే రెండు మూడేళ్ళకి ప్లాస్టిక్ కవరు కనిపిస్తే షాపుకి తాళం వేస్తామన్నారు. అన్నిటికంటే ఘోరం బట్టలు ఉతికే లిక్విడ్ మార్చమనడం. పాతది గాల్లో కలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదట. పాత మిషన్లో కొత్త లిక్విడ్ పనిచేయదు. నిక్షేపంలాంటి మిషన్ని పాత ఇనుము కింద తోసేసి, ఆ రోజు మీ అన్నయ్య అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే లేచి, ఊపిరితిత్తులు అన్నాక మనవీ ఉన్నాయి కదే అన్నారు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఈ వీధిలో మిగతావాళ్ళు ఇంత పట్టించుకుంటారా అని నువ్వోసారి అడిగావు. పట్టించుకోరు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే షట్టరు దించి పెళ్ళికి వెళ్ళామంటారు. ఇన్‌స్పెక్టరుగారు కూడా మా షాపుకి తనిఖీకి వచ్చినట్టు రారు, కాస్త కూర్చుని వెళ్ళడానికి వచ్చినట్టు వస్తారు. అన్నీ సరిగ్గా ఉండే చోట నాకూ పని తక్కువ కదమ్మా అంటారు. అయినా ఆయన వచ్చిన ప్రతిసారీ మీ అన్నయ్య పరీక్ష రాసే పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడతారు.

నెలకోసారి అగ్నిప్రమాదం రిహార్సల్ చేయాలని ఒక రూలుంది. గంట కొట్టాలి, లోపలున్నవాళ్ళంతా వీధిలోకి రావాలి, లెక్క చూసుకోవాలి. లోపలుండేది మేమిద్దరమే. ఆయన గంట కొడతారు, నేను కొంగు దోపుకుని బయటికి పరిగెత్తుతాను, ఆయన వెనకే వస్తారు. వీధిలో నిలబడి గంభీరంగా ఒకటి అంటారు. నేను రెండు అనాలి. అనకపోతే మళ్ళీ మొదటి నుంచీ. తాళంచెవుల అతను పడీ పడీ నవ్వేవాడు, ఇద్దరికి హాజరు పట్టీ ఎందుకు మాస్టారూ అని. ఇద్దరిలో ఒకరు లోపల ఉండిపోతే సగంమంది పోయినట్టు అని మీ అన్నయ్య జవాబు.

ఆయనకి ఈ పట్టుదల ఎక్కడిదో నీకు తెలుసనుకుంటాను, తెలియకపోతే విను. పెళ్ళికి ముందు ఆయన ఒక పెద్ద లాండ్రీలో పనిచేసేవారు. అక్కడ బాయిలర్ మీద ఉండాల్సిన సేఫ్టీ వాల్వు పాడైతే యజమాని మార్చలేదు. వచ్చే నెల చూద్దాం అన్నాడు. ఈలోపే బాయిలర్ పేలి, మీ అన్నయ్యతో కలిసి ఒకే గదిలో అద్దెకుండే స్నేహితుడు ఆ ఆవిరికి మొహమంతా కాలిపోయి, చూపు పోగొట్టుకున్నాడు. ఆస్పత్రిలో అతనికి అన్నం కలిపి పెట్టింది మీ అన్నయ్యే. అప్పటి నుంచీ ఆయన మాట ఒక్కటే. ప్రతి రూలు వెనకాలా కాలిపోయినవాడు ఒకడుంటాడు, ఊరికే రాయరు అని. కొత్త కాగితం చదివినప్పుడల్లా ఎక్కడ ఏం జరిగిందట అని అడిగేది అందుకే.

ఫ్యాను బెల్టు కొత్తదని రాశావా అని అడుగుతున్నారు. రాశాను పాపాయ్, కొత్తదే.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం, రద్దీ లేని వేళ. ఆయన ఎవరిదో నల్లకోటు ఇస్త్రీ చేస్తున్నారు. నేను కాగితం పట్టుకుని వెళ్ళి, కొత్త రూలొచ్చిందండీ అన్నాను. ఎప్పటిలాగే ఇస్త్రీ ఆపి, చేతులు తుడుచుకుని నిలబడ్డారు. చదివాను. రెండోసారి చదవమన్నారు. చదివాను. ఈసారి తిట్టుకుంటారు, ఎప్పుడూ తిట్టుకుంటారుగా, ఆ తిట్లు వింటే నాకు కాస్త ఊపిరి ఆడుతుందని ఎదురుచూశాను. తిట్టుకోలేదు. ఎక్కడైనా పేలిందా అని అడిగారు. ఆ సంగతి కాగితంలో లేదన్నాను. ఎవడో ముసలాడు నిద్రపోయి ఉంటాడు, పాపం అన్నారు. ఆ ముసలాడి మీద కోపం కూడా రాలేదు ఆయనకి.

తర్వాత వెళ్ళి బర్నరు ఆపేశారు. ఆవిరి వదిలారు. అది చల్లబడేదాకా ఇక్కడ నిలబడనా, అదీ తప్పేనా అని నన్నడిగారు. చల్లబడేదాకా అయితే ఫరవాలేదన్నాను. ఆ మాత్రం అధికారం నాకు నేనే ఇచ్చుకున్నాను. చాలాసేపు నిలబడ్డారు. నేను ఆ నల్లకోటు మిగతా సగం చల్లటి ఇస్త్రీపెట్టెతో రుద్దుతూ కూర్చున్నాను, చేతికి ఏదో ఒక పని ఉండాలి కదా.

చివరి వారం బట్టలన్నీ ఎవరివి వాళ్ళకి చేర్చాం. అప్పుడో తమాషా జరిగింది. బ్యాండు మాస్టారి ఎర్రకోటు, బంగారు బొత్తాలతో సహా, హెడ్‌మాస్టరు గారింటికి వెళ్ళింది. హెడ్‌మాస్టరు గారి బూడిదరంగు కోటు వేసుకుని బ్యాండు మాస్టారు ఓ పెళ్ళిలో బాకా ఊదొచ్చాడట. పెళ్ళివారు అతన్ని పెళ్ళికొడుకు మేనమామ అనుకుని ముందు వరసలో కూర్చోబెట్టారట. ఈ ముక్క చదువుతుంటే మీ అన్నయ్య కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. ఎవడు చేశాడే ఆ పని అంటున్నారు. ఎవరో చేశారు లెండి అన్నాను.

ఇప్పుడు అసలు విషయం. మీ అబ్బాయి కేసు వేస్తానంటున్నాడనీ, వయసు చూసి మనిషిని పని మానిపించడం చెల్లదంటున్నాడనీ, వచ్చే ఆదివారం కాగితాలతో వస్తున్నాడనీ చెప్పావు. వాడి ప్రేమకి చాలా సంతోషం. మావయ్య కోసం వాడు నల్లకోటు వేసుకుని నిలబడతానన్నాడని చెబితే మీ అన్నయ్య ఛాతీ విరుచుకున్నారు. ఆ తర్వాత ఆయన చెప్పింది, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పాపాయికి రాయి, కోర్టులూ గీర్టులూ వద్దు. నాకు ఇష్టమైనప్పుడు పాటించి, నా పీకల మీదికి వచ్చినప్పుడు కాదంటే అది రూలు ఎలా అవుతుంది. నా స్నేహితుడి యజమాని కూడా వాడికి ఇష్టమైన రూళ్ళే పాటించాడు. మేనల్లుణ్ణి రమ్మను, నాలుగు రోజులుండి వెళ్ళమను, కాగితాలు మాత్రం తేవద్దను. ఇదీ ఆయన మాట. మా ఇద్దరి మాటా అదే.

ఆయన పొద్దున్నే ఎదురుగా ఉన్న పార్కుకి వెళుతున్నారనీ, తాళంచెవుల అతని దగ్గర కూర్చుని కబుర్లు చెబుతున్నారనీ, బాగానే కాలక్షేపం అవుతోందనీ కూడా రాయమన్నారు. ఎగ్జాస్ట్ ఫ్యానుకి కొత్త బెల్టు వేశాం, ఆ సంగతి కూడా పాపాయికి రాయి అంటున్నారు. ఇదుగో, రాశాను.

మీవారికి మా నమస్కారాలు. అబ్బాయికి ఆశీస్సులు.

ఎప్పటికీ నీ మేలు కోరే
వదిన

తా.క. సెలూన్ అతను వచ్చి, గడ్డం పెరిగిపోయింది రండి మాస్టారూ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. నేనే పిలిపించాను. ఆయన తిరిగొచ్చేలోపు ఇది రాసి కవరు అంటించేయాలి. పైనున్నదంతా ఆయనకి చదివి వినిపించాను. ఇది వినిపించను.

పాపాయ్, అలాంటి రూలు లేదు.

ఏ ఆఫీసూ పంపలేదు, ఎవరూ రాయలేదు. ఆ మధ్యాహ్నం నేను చేతిలో పట్టుకున్నది మంటలార్పే సిలిండరు నింపుకోమని వచ్చిన పాత కాగితం. దాని మీదికి చూస్తూ, అందులో లేనిదంతా చదివాను. లైసెన్సు ఇప్పటికీ ఉంది. మొన్ననే రెన్యువల్ కూడా చేయించి వచ్చాను. షాపు మూసేశాక ఎందుకో నాకే తెలియదు, గడువు దగ్గరపడితే నా కాళ్ళు వాటంతట అవే ఆఫీసుకి నడుస్తాయి.

మీ అన్నయ్య మరిచిపోతున్నారు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానని వెతుక్కునే మరుపు కాదు. ఎర్రకోటు తమాషా నవ్వుకోవడానికి రాశాను గానీ, ఆ రోజు ఆయన సంచుల మీద చీటీలు చదివి కూడా ఎవరి ఇల్లు ఎటో తెలియక వీధి మధ్యలో నిలబడిపోయారు. ఫ్యాను బెల్టు గురించి ఈ ఉత్తరంలో ఎన్నిసార్లు రాయించారో నువ్వే చూశావు. ఆ బెల్టు వేసి కొన్నేళ్ళయింది. డాక్టరు చూశాడు. ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదన్నాడు. అయినా నేను షాపు నడిపిద్దామనే అనుకున్నాను. పక్కనే ఉంటాను కదా, చూసుకుంటాను కదా అనుకున్నాను.

ఒక రోజు వెనక నుంచి షాపులోకి వచ్చేసరికి వాసన తేడాగా ఉంది. బాయిలర్ కింద మంట మండుతోంది. నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజుగొట్టం ఖాళీగా ఉంది, చుక్క లేదు. ఆయన నీళ్ళ వాల్వు మీద చెయ్యి వేసి తిప్పబోతున్నారు. నీళ్ళు లేకుండా కాగిపోయిన బాయిలర్లోకి చన్నీళ్ళు వదిలితే ఒక్కసారిగా పేలిపోతుందని ఆయనకి చదివి వినిపించింది నేనే, ఎన్నోసార్లు. ఆయనే అందరికీ చెప్పేవారు. పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. మంట ఆపేశాను. మేడ మీద కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. ఆయన నా మొహంలోకి చూసి, ఏమైందే, ఇప్పుడే కదా నీళ్ళు నింపాను అన్నారు.

చెప్పి చూడలేదనుకోకు. ఇక షాపు వద్దండీ అన్నాను. డాక్టరు వద్దన్నాడు అన్నాను. కోపంతో ఊగిపోయారు. నా షాపులో నన్ను నిలబడొద్దనడానికి డాక్టరెవడు, ఏ రూల్లో ఉందో చూపించమను అన్నారు. ఎంత బతిమాలినా ఆ ఒక్క మాటే, ఏ రూల్లో ఉంది అని. తాళంచెవి దాచిపెడితే పక్కవాడి చేత ఇంకో తాళంచెవి చేయించుకుని మరీ తెరిచారు.

అప్పుడు నేను ఇన్‌స్పెక్టరుగారి ఆఫీసుకి వెళ్ళాను. వయసు దాటినవాళ్ళని ఆపే రూలు ఏదైనా ఉందా సార్ అని అడిగాను. లేదమ్మా, ఉంటే మా పైవాళ్ళు నాకంటే ముందు ఇంటికి పోతారు అని నవ్వారు. ఎందుకడుగుతున్నానో చెప్పాక నవ్వలేదు. నేను వెళ్ళింది సలహా కోసం కాదు పాపాయ్, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఉంటే బాగుండునని వెళ్ళాను. ఇన్నాళ్ళూ ఎన్ని రూళ్ళు తెచ్చి మా నెత్తిన పెట్టారు, ఈ ఒక్కటీ ఎవరికీ తట్టలేదా అని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చి లేచి, నేనే చేశాను. ఎక్కడైనా పేలిందా అని ఆయన అడిగినప్పుడు, ఎవడో ముసలాడు నిద్రపోయి ఉంటాడు పాపం అన్నప్పుడు, నాకు ఎలా ఉందో నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

అందుకే మీ అబ్బాయిని ఆపు. వాడు రూలు నంబరు అడిగితే కళ్ళద్దాలు కనిపించడం లేదని తప్పించుకున్నాను. వాడు తెలివైనవాడు, ఒక్క పూటలో తేల్చేస్తాడు. మావయ్యా, అలాంటి చట్టమే లేదు, మీరు రేపే షాపు తెరవండి అని ఎగిరి గంతేసి చెబుతాడు. చెబితే ఆయన నమ్ముతారు, లాయరు మాట కదా. వాడికి నిజం నువ్వే చెప్పు. నెమ్మదిగా చెప్పు, మావయ్య అంటే వాడికి ప్రాణం.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచుకోలేను. షాపు మూసిన సంగతి ఆయనకి రోజూ గుర్తుండటం లేదు. పొద్దున్నే స్నానం చేసి, ఏప్రన్ కట్టుకుని, తాళంచెవి అడుగుతారు. నేను మళ్ళీ కాగితం తీసుకుని వస్తాను. ఆయన మళ్ళీ నిలబడి వింటారు. ప్రతి రోజూ మొదటిసారి విన్నట్టే మొహం చిన్నబోతుంది. మనిషికి ఒక్కసారి తగలాల్సిన దెబ్బ, నేను రోజూ నా చేతులతో కొడుతున్నాను. ఒక్క రోజు కూడా ఎదురు చెప్పలేదు. చెబితే బాగుండును.

అది చూడలేక రూలు కాస్త కాస్త మారుస్తూ వస్తున్నాను. ముందు నిలబడకూడదు అన్నదాన్ని విశ్రాంతి తీసుకోవాలి అని చేశాను. నిన్న ఇంకో ముక్క కలిపాను. ఇంతకాలం ఒక్క ప్రమాదమూ జరగనివ్వకుండా, ఒక్క రూలూ తప్పకుండా బాయిలర్ నడిపినవారికి ప్రభుత్వం చేతులు జోడించి నమస్కరిస్తోంది అని. ఆయన తలెత్తి, ఆ ముక్క మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఇది కొత్తగా వచ్చిందా అన్నారు. అవునండీ, సవరణ అన్నాను. ఎవరో మనసున్నవాడే రాసి ఉంటాడు అంటూ ఏప్రన్ విప్పి, మడిచి, నా చేతిలో పెట్టారు.